డ్యూటీ చేసే ఒంటికి యోగా ఎందుకు?

కిందటి రెండు నెలలూ ఈ శీర్షికలో తాగే నీళ్ల గురించీ, నిద్ర గురించీ మాట్లాడుకున్నాం. ఈసారి యోగా గురించి రాయమని చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో సగం మంది ఆ నోటితోనే ఇంకో మాట కూడా అన్నారు: “పొద్దు పొడిచిన కాడి నుంచి ఒళ్లు హూనం చేసుకుంటన్నాం కదా మేస్టారూ, మళ్లీ మాకు యోగా ఏటి? అది కుర్చీల్లో కూకునే ఆఫీసరోళ్లకి గానీ!”

ముందు ఈ మాటకే జవాబు చెప్పుకుందాం. ఇది తేలితే మిగతాదంతా తేలికే.

పని ఒంటిని వాడుకుంటుంది. వాడుకున్న చోటే మళ్లీ మళ్లీ వాడుకుంటుంది. కాగితం కట్టలు ఎత్తే మనిషి రోజంతా ముందుకే వంగుతాడు, వెనక్కి ఒక్కసారీ వంగడు. మెషిన్ దగ్గర నిలబడే మనిషికి బరువంతా ఒక కాలి మీదే ఉంటుంది. వెల్డింగ్ చేసేవాడి మెడ ఎప్పుడూ కిందికే. ఇంట్లో ఆడవాళ్ల సంగతి చూడండి. కుళాయి దగ్గర్నుంచి బిందె ఎప్పుడూ ఒకే చంక, బట్టలు ఉతికేటప్పుడు ఒకే వంపు, పొయ్యి దగ్గర ఒకే నిలబాటు. కుట్టు మిషను తొక్కే అక్కచెల్లెళ్లకు భుజాలు ముందుకు పడిపోయి ఉంటాయి. ఇదంతా కష్టమే, చెమటే. కానీ ఒంటికి కావలసిన వ్యాయామం ఇది కాదు. కొన్ని కండరాలు అరిగేదాకా పనిచేస్తాయి, వాటి పక్కనున్నవి బిగుసుకుపోయి కూర్చుంటాయి. నొప్పి పుట్టేది ఈ తేడాలోనే.

మిల్లులో బతికేవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఎంత గట్టి మెషిన్‌కైనా షట్‌డౌన్ ఉంటుంది. బేరింగులు చూస్తారు, గ్రీజు పెడతారు, షాఫ్టు ఒక పక్కకి లాగుతుంటే సరిచేస్తారు. “ఇది రోజూ తిరుగుతూనే ఉంది కదా, దీనికి మెయింటెనెన్సు ఎందుకు?” అని ఏ ఫోర్‌మనూ అనడు. రోజూ తిరుగుతోంది కాబట్టే కావాలి. ఒంటి సంగతీ అంతే. పని ఒకవైపు లాగితే, యోగా రెండో వైపుకి మెల్లగా తెచ్చి మధ్యలో నిలబెడుతుంది. నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదొక్కటే.

యోగా అంటే ఏమిటి, ఏది కాదు

యోగి అనగానే మన పెద్దవాళ్లకి 1947లో వచ్చిన ‘యోగి వేమన’ సినిమా, అందులో నాగయ్య గారు గుర్తొస్తారు. అంటే ఇల్లూ వాకిలీ వదిలేసినవాడన్నమాట. అందుకే “సంసారులకి యోగా ఎందుకు” అనే అనుమానం మనలో పాతుకుపోయింది. యోగశాస్త్రానికి మూలమనుకునే పతంజలి సూత్రాలు సుమారు 195 ఉంటే, వాటిలో ఆసనాల గురించి చెప్పింది మూడే. కూర్చున్న తీరు కదలకుండా ఉండాలి, హాయిగానూ ఉండాలి అన్నది వాటి సారం. తర్వాత 15వ శతాబ్దం నాటిదని చెప్పుకునే హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు పదిహేనే. ఈ రోజు టీవీలోనూ ఫోన్లోనూ కనిపించే నిలబడి చేసే ఆసనాలు చాలావరకు గత వందేళ్లలో రూపు కట్టినవి. 1930లలో మైసూరు రాజావారి ప్రాపకంలో కృష్ణమాచార్య అనే గురువు నేర్పిన పద్ధతి దీనికి ఒక పెద్ద ఊట.

ఆయన శిష్యుల్లో బి.కె.ఎస్. అయ్యంగార్ గారి గురించి మనం తెలుసుకోవాలి. 1918లో కర్ణాటకలోని బెళ్లూరులో పుట్టారు. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పడ్డారు. మన్యం దోమల మధ్య కాపురం చేసే మనకి మలేరియా మనిషిని ఎలా పీల్చేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి పీలగా ఉన్న కుర్రవాడే ఆసనాలతో తేరుకుని, 95 ఏళ్లు బతికి, 2014లో పోయారు. వంగలేనివాడికి కుర్చీ, నడుం ఆననివాడికి మడత దుప్పటి, నిలబడలేనివాడికి గోడ ఇచ్చి ఆసనం చేయించడం ఆయన పద్ధతి. కాబట్టి ఒళ్లు విల్లులా వంగితేనే యోగా అనుకోకండి. వంగనివాళ్లకే దాంతో ఎక్కువ పని.

2014 డిసెంబర్ 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. ఆ తీర్మానంలో 177 దేశాలు చేయి కలిపాయి. 2025లో ఆ రోజు జాతీయ కార్యక్రమం మనకు దగ్గర్లోని విశాఖపట్నంలోనే జరిగింది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు రోడ్డు పొడవునా సుమారు 3 లక్షల మంది కూర్చున్నారు. మన కాలనీల్లోనూ ఆ రోజు టెంటు వేస్తారు, టీషర్టులిస్తారు, ఫొటో దిగుతారు. మంచిదే. కానీ జూన్ 22న చాప చుట్టి మూలన పెట్టేస్తే ఆ ఒక్కరోజు వల్ల నడుముకి ఒరిగేదేమీ లేదు.

ఇంకో ప్రశ్న కొందరు నెమ్మదిగా, పక్కకి పిలిచి అడుగుతుంటారు. “మేం చర్చికి వెళ్తాం, మేం చెయ్యొచ్చా?” “మేం నమాజు చేస్తాం, తప్పు కాదా?” నేను చెప్పేది ఇది. మంత్రం చదవాలనీ, దండం పెట్టాలనీ లేదు. ఊపిరి పీల్చడానికీ, నడుము చాపడానికీ మతం అడ్డురాదు. మీకు నచ్చిన ప్రార్థన చేసుకోండి, లేదా ఊరుకోండి. ఆసనం పని ఆసనం చేస్తుంది.

పరిశోధన ఏం చెబుతోంది

గాలి మాటలు వద్దు, పరీక్షించి చూసిన సంగతులే చెప్పుకుందాం. చాలాకాలంగా ఉన్న నడుం నొప్పి మీద యోగా ఎంత పనిచేస్తుందో తేల్చడానికి కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2017లో 12 పరిశోధనలను కలిపి చూసింది. వాటిలో మొత్తం 1080 మంది ఉన్నారు. ఏ వ్యాయామమూ చెయ్యనివాళ్ల కంటే యోగా చేసినవాళ్లు మూడు నుంచి ఆరు నెలల్లో తమ పనులు కొంత తేలిగ్గా చేసుకోగలిగారు. గుర్తుంచుకోండి, ఆ ఫలితం ‘కొంత’. అద్భుతం ఏమీ కాదు. అదే ఏడాది అమెరికా వైద్యుల కాలేజీ కూడా పాత నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించాల్సిన వాటిలో యోగాని చేర్చింది.

ఆ కాక్రేన్ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. టీవీల్లో దీన్ని ఎవరూ చెప్పరు. వ్యాయామం చెయ్యనివాళ్లతో పోలిస్తే, యోగా చేసినవాళ్లలో నూటికి ఐదుగురు ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. అందులో ముఖ్యమైనది నడుం నొప్పి పెరగడమే. అంటే యోగా కూడా మందులాంటిదే, మోతాదు తప్పితే ఎదురు తిరుగుతుంది. మొదటి రోజే పక్కవాడితో పోటీపడి కాలివేళ్లు అందుకోవాలని లాగినవాళ్లు ఆ ఐదుగురిలో చేరతారు.

నడుం నొప్పి మన వీధుల్లో ఎలా నడుస్తుందో మీకు తెలుసు. మందుల షాపుకి వెళ్లి “నొప్పి బిళ్ల ఇవ్వు బాబూ” అంటే ఇచ్చేస్తారు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి అప్పుడప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకుంటే మందు. నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండు పడుతుంది, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండల్లో, బాయిలర్ వేడిలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, పైన ఈ బిళ్లలు వేసుకునేవాళ్లకి ప్రమాదం ఇంకా ఎక్కువ.

నాకు తెలిసిన ఒక కాంట్రాక్టు లోడింగ్ తమ్ముడు ఏడాదిపాటు రోజుకి రెండు బిళ్లలు మింగాడు. రోజు కూలి కదా, మానితే ఆ రోజు డబ్బు రాదు. చివరికి కడుపు మంటకి డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు ఆ బిళ్లలు మాన్పించారు. నరం నొక్కుకోలేదని పరీక్ష చేసి చూసి, మెల్లగా ఒళ్లు కదపమన్నారు. కింద రాసినవే రోజూ ఇరవై నిమిషాలు మొదలుపెట్టాడు. మొదటి రెండు వారాలు “ఏటీ తేడా లేదు” అన్నాడు. మూడో నెలకి వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు. బరువు రోజులు గడ్డుగా ఉంటే ఇప్పటికీ వస్తుంది. కానీ బిళ్ల లేకుండా నిద్రపోతున్నాడు. పనివాడికి అది చిన్న లాభం కాదు.

యోగా చెయ్యలేనివి

దుమ్ము, పొగ, రసాయనాల వల్ల ఊపిరితిత్తులు పాడైతే ప్రాణాయామం వాటిని కడగదు. ఆ దుమ్ము లోపలికి పోకుండా ముక్కుకి మాస్కు పెట్టుకోవాలి, గాలి ఆడేలా చెయ్యమని అడగాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. సుగరు, బీపీ ఉన్నవాళ్లకి యోగా సాయం చేస్తుంది గానీ మందు మానేయడానికి అది పర్మిషన్ కాదు. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. యోగా మేస్టారు కాదు, పక్కింటి బావగారూ కాదు.

కొరాపుట్, రాయగడ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు ఎక్కువ. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో ఒడిశా కూడా ఉంది. ఇంట్లో ఆ జబ్బు ఉన్న పిల్లలుంటే డాక్టరుని అడిగాకే ఆసనాలు. వాళ్లకి ఒళ్లు బాగా అలిసినా, నీళ్లు తగ్గినా, చలి తగిలినా నొప్పులు తిరగబెడతాయి.

కాళ్లలోకి జివ్వుమని నొప్పి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం, దొడ్డికి అదుపు తప్పినా, దెబ్బ తగిలిన తర్వాత నొప్పి మొదలైనా చాప పరచకండి, ఆసుపత్రికి వెళ్లండి.

ఎప్పుడు, ఎక్కడ

పుస్తకాల్లో “సూర్యోదయానికి ముందు” అని రాస్తారు. సి షిఫ్టు చేసి ఆరు గంటలకి గేటు దాటే మనిషికి ఆ మాట పనికిరాదు. మన లెక్క ఇలా పెట్టుకుందాం.

ఎ షిఫ్టు వాళ్లు డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, సాయంత్రం టీకి ముందు చేసుకోవచ్చు. బి షిఫ్టు వాళ్లకి పొద్దున్నే మంచిది, టిఫిను తినకముందు. సి షిఫ్టు వాళ్లు సాయంత్రం డ్యూటీకి బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఆసనాలు చేసుకోవాలి. పొద్దున్న ఇంటికి వచ్చాక గట్టి ఆసనాలు వద్దు. కాళ్లు ఎత్తి పెట్టుకోవడం, నెమ్మదిగా ఊపిరి, శవాసనం, అంతే, తర్వాత నిద్ర. జనరల్ షిఫ్టు వాళ్లు ఎటైనా సరే, కానీ రోజూ ఒకే వేళ. భోజనం చేస్తే మూడు నాలుగు గంటలు, టిఫినైతే రెండు గంటలు ఆగాలి. ఒక గ్లాసు నీళ్లు ముందే తాగండి.

చోటుకి పెద్ద హాలు అక్కర్లేదు. ఒక మనిషి చేతులు చాపి పడుకునేంత నేల చాలు. రెండు గదుల క్వార్టర్లో మంచం గోడకి నిలబెడితే ఆ చోటు వస్తుంది. రంగురంగుల మ్యాట్ కొననక్కర్లేదు. చాప మీద మడత దుప్పటి చాలు. గచ్చు మీద ఒట్టి చాప జారుతుంది, నిలబడి చేసేవి గచ్చు మీదే ఉత్తికాళ్లతో చెయ్యండి.

ఊరిని బట్టి కూడా తేడా ఉంది. కొరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి 850 మీటర్లకు పైన ఉంది, సునాబెడ, దమన్‌జోడి కూడా కొండ మీదే. పుష్య మాఘాల్లో అక్కడ పొద్దున్న లేవగానే ఒళ్లు కొయ్యలా ఉంటుంది. అయిదు నిమిషాలు ఇంట్లోనే నడిచి, స్వెట్టరు విప్పకుండా మొదలుపెట్టాలి. రాయగడ, జేకేపూర్ పల్లంలో ఉన్నాయి. వేసవిలో అక్కడ ఎండెక్కితే చెయ్యకూడదు.

మొదటి నెలకి ఎనిమిది

వీటికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఒక్కటే సూత్రం: లాగుతున్నట్టు తెలియాలి, నొప్పి తెలియకూడదు. ఊపిరి బిగబట్టారంటే మీరు ఎక్కువ లాగుతున్నారని అర్థం. కొంచెం వెనక్కి రండి.

ఒకటి, ఊపిరి చూసుకోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఒక చెయ్యి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో పీలిస్తే పొట్ట పైకి రావాలి, వదిలితే దిగాలి. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలండి. రెండు నిమిషాలు.

రెండు, తాడాసనం. పాదాలు బెత్తెడు ఎడంగా పెట్టి నిలబడండి. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉందా చూసుకోండి. చాలామందికి లేదని ఇక్కడే తెలుస్తుంది. పీలుస్తూ చేతులు పైకి చాపండి, వదులుతూ దించండి. అయిదు సార్లు. మడమలు ఎత్తవద్దు, ఇప్పుడే కాదు.

మూడు, భుజాలూ మెడా. భుజాలు ముందుకి అయిదు, వెనక్కి అయిదు తిప్పండి. తల కుడికి, ఎడమకి మెల్లగా తిప్పండి, చెవిని భుజం వైపు వంచండి. తలని గానుగలా గుండ్రంగా తిప్పకండి, కొందరికి కళ్లు తిరుగుతాయి.

నాలుగు, మార్జాలాసనం, అంటే పిల్లి. చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, మోకాళ్ల కింద దుప్పటి పెట్టుకోండి. పీలుస్తూ పొట్ట కిందికి దించి ఛాతీ, తల కొంచెం ఎత్తండి. వదులుతూ వీపుని పైకి గూనిలా చేసి గడ్డం లోపలికి దించండి. ఎనిమిది సార్లు. నడుం బిగుసుకున్న మనిషికి ఈ ఒక్కటి చేసినా చాలు, ఆ రోజు వృథా పోలేదు.

అయిదు, భుజంగాసనం, సగం మాత్రమే. బోర్లా పడుకుని మోచేతుల మీద ఆనుకుని ఛాతీ ఎత్తండి, చేతులు పూర్తిగా చాపవద్దు. నాలుగు ఊపిరులు ఉండి దిగండి. మూడు సార్లు. రోజంతా ముందుకి వంగిన నడుముకి ఇది విరుగుడు. నడుము కింద పోటు వస్తే ఇంకా తక్కువ ఎత్తండి, అప్పటికీ వస్తే మానండి.

ఆరు, పవనముక్తాసనం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు పొట్ట వైపు తెచ్చి రెండు చేతులతో పట్టుకోండి. తల నేల మీదే ఉంచండి. అయిదు ఊపిరులు. కాలు మార్చండి. గ్యాస్ పట్టేసేవాళ్లకి కూడా ఇది బాగుంటుంది.

ఏడు, సేతుబంధాసనం. మోకాళ్లు మడిచి పాదాలు నేలకి ఆనించి, పీలుస్తూ నడుము మెల్లగా ఎత్తండి, వదులుతూ ఒక్కో పూసా నేలకి ఆనిస్తున్నట్టు దించండి. అయిదు సార్లు. బరువులెత్తేవాళ్లకి పిరుదులూ తొడలూ బలపడితే నడుం మీద భారం తగ్గుతుంది.

ఎనిమిది, శవాసనం. ముందు కాళ్లు రెండు మంచం మీదో కుర్చీ మీదో మోకాళ్ల దాకా ఎత్తి పెట్టి మూడు నిమిషాలు పడుకోండి. నిలబడి నిలబడి కాళ్లు పీకేవాళ్లకి ఇది హాయి. తర్వాత కాళ్లు చాపి, అరచేతులు పైకి పెట్టి, కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు. నిద్రొస్తే రానివ్వండి. లేచేటప్పుడు ఒక పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి లేవాలి. గభాలున లేస్తే తల తిరుగుతుంది.

ఎవరు ఏది చెయ్యకూడదు

గర్భిణులు బోర్లా పడుకునేవీ, పొట్ట నొక్కేవీ చెయ్యకూడదు. నాలుగో నెల నుంచి వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవద్దు, ఎడమ పక్కకి తిరిగి శవాసనం చెయ్యండి. కాన్పు అయినా, పొట్ట మీద ఏ ఆపరేషన్ అయినా, డాక్టరు సరే అన్నాకే. నెలసరి రోజుల్లో ఒంటికి బాగుంటే తేలికగా చేసుకోవచ్చు, లేకపోతే విశ్రాంతి. అది ఎవరి ఒళ్లు వాళ్లకి చెప్పే మాట, మైల మాట కాదు. హెర్నియా ఉన్నవాళ్లకి అయిదో ఆసనం వద్దు. మోకాళ్లు అరిగిన పెద్దమ్మలు నాలుగోది నిలబడి, చేతులు గోడకో బల్లకో ఆనించి చెయ్యండి.

కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలు మొదటి నెలలో ఎవరికీ వద్దు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ అసలే వద్దు. శీర్షాసనం ఫోన్లో చూసి చెయ్యకండి. బీపీ, కంటిలో నీటికాసుల జబ్బు, మెడ నొప్పి ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఆసనం అంటే నలుగురి ముందూ చూపించే సర్కసు కాదు.

“మాకు టైం ఎక్కడిదండీ?”

ఈ మాట ఎక్కువగా అక్కచెల్లెళ్లది, నిజమైన మాట కూడా. మగాడు “నేను యోగా చేస్తున్నా, టీ పెట్టు” అంటే ఆవిడ యోగా ఎప్పుడు చెయ్యాలి? కాబట్టి అన్నదమ్ములకి ఒక విన్నపం. ఇంట్లో ఇరవై నిమిషాలు ఇద్దరికీ రావాలి. ఒకరు చాప మీద ఉంటే రెండోవాళ్లు పిల్లల్నీ పొయ్యినీ చూడాలి. అది కుదరకపోతే ముక్కలు చేసుకోండి. అన్నం ఉడికేలోపు తాడాసనం, భుజాలు. మధ్యాహ్నం పిల్లి, పవనముక్తం. రాత్రి పడక మీద ఊపిరి. చిన్నచిన్నగా చేసినదీ లెక్కలోకే వస్తుంది. కేంద్ర ఆయుష్ శాఖ కూడా పనిచేసేవాళ్ల కోసమే ‘వై బ్రేక్’ పేరుతో అయిదు నిమిషాల పద్ధతి ఒకటి తయారుచేసి 2021లో ఫోను యాప్‌గా తెచ్చింది. టిఫిన్ బ్రేకులో కుర్చీలోనే చేసుకోవచ్చు. నడిచే మెషిన్ పక్కన మాత్రం ఏ ఆసనమూ వద్దు.

ఇంకో సంగతి. యోగా ఇరవై నిమిషాలు, రోజులో మిగిలింది 23 గంటల 40 నిమిషాలు. ఆ మిగిలిన టైంలో ఒంటిని ఎలా వాడుతున్నామన్నది అంతకంటే ముఖ్యం. బరువెత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు మడిచి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఎత్తి పట్టుకుని నడుం తిప్పకండి, పాదాలు తిప్పండి. బిందె చంక మార్చండి, లేదా రెండు చేతులకీ రెండు చిన్న బకెట్లు. గంటకోసారి నడుము మీద చేతులు పెట్టి ఒక్కసారి వెనక్కి వంగండి. ఒక్కడు ఎత్తలేని బరువుకి ఇంకో చెయ్యి అడగడం సిగ్గు కాదు, అది మీ హక్కు. యోగా చేస్తున్నాం కదా అని ఇద్దరి బరువు ఒకరి మీద వేసుకోవడం తెలివితక్కువ.

నెల రోజుల లెక్క

మొదటి వారం ఒకటి, రెండు, మూడు, ఎనిమిది మాత్రమే. రెండో వారం నాలుగు, ఆరు కలపండి. మూడో వారం అయిదు, ఏడు. నాలుగో వారం అన్నీ. వారానికి అయిదు రోజులు చేస్తే చాలు. తప్పిన రోజుకి మర్నాడు రెండింతలు చెయ్యవద్దు. క్యాలెండరులో పాలవాడి లెక్క రాసుకున్నట్టే చేసిన రోజు ఒక గీత పెట్టండి. నడక మానకండి. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, చురుకైన నడకలాంటిది, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండూ కలిస్తేనే పూర్తి.

మన తండ్రులూ తాతలూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ కొండల్లోకి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఆస్తి రెండు చేతులూ ఒక నడుమూ. మనలో చాలామందికి ఇప్పటికీ అదే ఆస్తి. రిటైరయ్యాక పీఎఫ్ డబ్బు చేతికొచ్చినా, మనవణ్ణి ఎత్తుకోవడానికి నడుం వంగకపోతే ఆ డబ్బు సగం ఆసుపత్రికే. ఈ ఇరవై నిమిషాలకి జీతం ఎవరూ ఇవ్వరు, కోత కూడా ఎవరూ వెయ్యరు. అవి మీవి.

మొదటి నెల చేసినవాళ్లు ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఒక కాగితం మీద రాసి పత్రిక తెచ్చిచ్చే వాళ్ల చేతికే ఇవ్వండి. పేరు రాయకపోయినా పరవాలేదు, వయసు, చేసే పని రాస్తే చాలు. వచ్చే నెల మోకాళ్ల నొప్పుల గురించి, కుర్చీలో కూర్చునే చేసుకోగల ఆసనాల గురించి. అది ముఖ్యంగా మన ఇళ్లలోని పెద్దల కోసం.